రెండు వేళ్ల ఎడం

నేరం చేయలేదని మొత్తుకునేవాడి మాట నిజమని తేల్చడం నాకు అలవాటైన పని. నేనే చేశానని మొండికేసిన మనిషి మాట అబద్ధమని తేల్చాల్సి రావడం మాత్రం ఈ పాతికేళ్ల డిటెక్టివ్ జీవితంలో అదే మొదటిసారి. పైగా అందుకు నా చేతిలో ఉన్నది మూడున్నర గంటలు.

పన్నెండున్నరకి ఆ మనిషి కూతురు నా ఆఫీసుకి వచ్చింది. ముప్పై ఏళ్లు ఉండవు. ఫోన్లు తయారుచేసే కంపెనీలో డిజైనరు. మెడలో వేలాడే కంపెనీ కార్డు తీయడం కూడా మర్చిపోయి పరుగెత్తుకొచ్చినట్టుంది.

"మా నాన్న అబద్ధం చెప్తున్నాడు సార్" అంది, కుర్చీలో కూర్చోకముందే.

మంచినీళ్లు ఇచ్చి విషయం రాబట్టాను. వాళ్ల కంపెనీ కొత్త ఫోను రేపు దుకాణాలకి వస్తోంది. మందం ఐదు మిల్లీమీటర్లు. అంత పలచటి ఫోను జేబులో పెట్టుకుని కూర్చుంటే వంగిపోదా అని అందరికీ అనుమానం. అందుకని కంపెనీ ఒక మాట ఇచ్చింది: ఎనభై కిలోల బరువు మోపినా వంగదని. ఆ మాట నిజమో కాదో యంత్రం మీద పెట్టి నొక్కి చూసేది ఈ అమ్మాయి తండ్రి. ఇరవయ్యారేళ్లుగా ఆయన పని అదే. అరవై ఫోన్లు నొక్కాడు, అరవయ్యీ నిలిచాయి. ఇవాళ పొద్దున డీలర్లందరినీ పిలిచి వాళ్ల కళ్ల ముందు అరవై ఒకటోది నొక్కారు. అది ముప్పై ఎనిమిది కిలోలకే పుటుక్కుమంది.

"పది పధ్నాలుగుకి విరిగింది. పదకొండూ ఐదుకల్లా మా నాన్న కాగితం రాసిచ్చేశాడు. నిన్న సాయంత్రం ఒక ఫోను కాస్త వంగితే, ఎవరికీ చెప్పకుండా చేత్తో సరిచేసి బీరువాలో పెట్టాడట. పొద్దున అదే బయటికొచ్చిందట. ఒకసారి వంగిన ఫ్రేము రెండోసారి నిలబడదు కదా, అందుకని విరిగిందట."

"నమ్మేలాగే ఉంది కదమ్మా."

"అందరూ నమ్మారు, అదే నా ఏడుపు. మా నాన్న పాలవాడికి చీటీ రాసినా కింద గీత స్కేలు పెట్టి గీస్తాడు సార్. ఆయన్ని మా కంపెనీలో మిల్లీమీటరు మాస్టారంటారు. ఆయన వంగిన దాన్ని దాచడమేంటి?"

నాలుగింటికి ఆ కాగితం పై అధికారుల దగ్గరికి వెళుతుంది. మోసగాడని రాసి ఆయన్ని గేటు బయటికి పంపిస్తారు. ఐదింటికి నలభై వేల ఫోన్లతో లారీలు కదులుతాయి. ఆ అమ్మాయికి లారీల గొడవ లేదు, తండ్రి పేరు గొడవే.

"కంపెనీ తరఫున ఎవరు చూస్తున్నారు?" అన్నాను.

భద్రతాధికారి అని చెప్పింది. నాకు నీరసం వచ్చింది. ఆ భద్రతాధికారి నా తోడల్లుడు. మా ఆవిడ చెల్లెలి మొగుడు.

మా ఇద్దరి మధ్యా పగలేమీ లేవు. పదకొండేళ్లుగా మంచి కుర్చీ ఎవరిదీ, మొదటి కాఫీ ఎవరికీ, పేపరు ముందు ఎవరు చదవాలీ అనే విషయాల మీద పోరు సాగుతోంది, అంతే. మా అత్తగారు ఉండేది నా ఇంట్లో, ఆవిడ పొగిడేది చిన్నల్లుణ్ణి. ఇది నేను ఫిర్యాదుగా చెప్పడం లేదు. ఊరికే తెలియజేస్తున్నాను.

ఒకటీ ఇరవైకి ల్యాబు ముందుకి చేరాం. తోడల్లుడు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రండి అన్నయ్యగారూ. కాస్త ఆలస్యమైంది మీకు. మనిషి దొరికాడు, ఒప్పుకున్నాడు, సంతకం కూడా చేశాడు. మీరు కాఫీ తాగి వెళ్లడమే."

"కాఫీ నువ్విస్తే తాగుతాను తమ్ముడూ. ముందు ఆయనతో మాట్లాడనీ."

"నాలుగు కొట్టేలోపు మాట్లాడుకోండి. లోపల మాత్రం ఏమీ ముట్టుకోవద్దు. విరిగిన ఆరు నిమిషాల్లో యంత్రానికీ బీరువాకీ సీలు వేయించాను. ఎక్కడిది అక్కడే ఉంది."

పనిమంతుడే. ఆ మాట వాడి మొహాన చెప్పే ఉద్దేశం నాకెప్పుడూ లేదు.

అంతలో నా ఫోను మోగింది. అత్తగారు.

"ఏం నాయనా, నా కళ్లజోడు చూశావా? సరేలే, నెత్తి మీదే ఉంది. ఇంకో మాట. చిన్నల్లుడు నా పుట్టినరోజుకి ఇచ్చాడే కొత్త ఫోను, అట్టముక్కంత పలచన, ఎంత ముచ్చటగా ఉందో. బల్ల మీద పెట్టి వేలితో తాకితే ఊయలలా ఊగుతోంది. కాస్త వెచ్చగా కూడా ఉంటుంది. మోకాలి కింద పెట్టుకు కూర్చుంటే నొప్పి లాగేసినట్టు హాయిగా ఉంది. నువ్వు కొన్న వేడి సంచీ అటకెక్కించమన్నాను."

"అలాగే అత్తయ్యా."

"రెండయింది, ఇక నడుం వాలుస్తా. నాలుగింటిదాకా లేపకు" అంది. గడియారం చూస్తే ఒకటీ ఇరవై ఐదే. ఆవిడ రెండు ఎప్పుడూ అరగంట ముందే అవుతుంది.

ఆ వేడి సంచీ కోసం నేను మూడు దుకాణాలు తిరిగాను. తోడల్లుడు అంతా విన్నాడనడానికి సాక్ష్యం వాడి మీసాల కింద నవ్వే. పంటి బిగువున ఊరుకుని పక్క గదిలోకి వెళ్లాను.

మాస్టారు ఒక బల్ల ముందు నిటారుగా కూర్చుని ఉన్నారు. అరవైకి దగ్గర పడిన మనిషి. ఇస్త్రీ నలగని చొక్కా, జేబులో ఆరంగుళాల స్కేలు. బల్ల మీద స్టీలు ఫ్లాస్కు బల్ల అంచుకి సరిగ్గా సమాంతరంగా పెట్టి ఉంది. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టారు.

"మీరు ఎవరైనా సరే, ఒక చిన్న సాయం చేస్తారా బాబూ? ఈ మూత తిప్పి పెట్టండి. పొద్దుట్నుంచి గొంతు తడి లేదు."

తిప్పాను. పెద్ద గట్టిగా ఏమీ లేదు. ఆయన కాఫీ మూతలో పోసి ముందు నాకే ఇచ్చారు.

"రోజూ ఎవరు తీసిపెడతారు మాస్టారూ?"

"మా అమ్మాయి. బస్సు ఎక్కేముందు వదులు చేసి ఇస్తుంది. ఇవాళ డీలర్ల హడావిడిలో మర్చిపోయింది, పాపం." పాపం అన్నది తన గొంతు ఎండినందుకు కాదు, కూతురు హడావిడి పడినందుకు. ఆ ఒక్క మాటతో ఆయన నాకు నచ్చేశారు.

"నిన్న ఆ ఫోను ఎన్ని గంటలకి వంగింది?"

"ఐదూ నలభైకి."

"ఎంత వంగింది?"

"ఒకటింపావు మిల్లీమీటరు."

"ఎలా సరిచేశారు?"

"బల్ల అంచుకి ఆనించి, రెండు బొటనవేళ్లతో అదిమాను." ఇది చెప్పేటప్పుడు ఆయన నా వంక చూడలేదు. ఫ్లాస్కుని ఒక వెంట్రుకవాసి జరిపి మళ్లీ సమాంతరం చేశారు.

"పొద్దున ఫోనుని యంత్రం మీద పెట్టింది ఎవరు?"

"నేనే."

"విరిగేటప్పుడు మీరు ఎక్కడున్నారు?"

"యంత్రం పక్కనే. పైనుంచి కడ్డీ దిగడం చూస్తున్నాను. తప్పు నాదే బాబూ, రాసిచ్చాను కదా. అమ్మాయిని ఇంటికి తీసుకెళ్లండి. తను పొద్దున కూడా ఏమీ తినలేదు."

ఇంతకన్నా ఆయన దగ్గర రాలేదు. నేనూ గుచ్చి అడగలేదు. తోడల్లుణ్ణి, ఆ అమ్మాయినీ వెంటబెట్టుకుని, మాస్టార్ని కూడా రమ్మని ల్యాబులోకి నడిచాను.

ల్యాబు చిన్న గది. మధ్యలో యంత్రం. కింద బెత్తెడు దూరంలో రెండు ఉక్కు కడ్డీలు, వాటి మీద వంతెన వేసినట్టు ఫోను పడుకోబెడతారు. పైనుంచి మూడో కడ్డీ దిగి ఫోను వీపు మీద నొక్కుతుంది. పక్కన అంకెల డబ్బా ఎన్ని కిలోలో చూపిస్తుంది. ఇప్పుడు అందులో ముప్పై ఎనిమిది అనే అంకె నిలిచిపోయి ఉంది. విరిగిన ఫోను మూడు కడ్డీల మధ్య అలాగే ఇరుక్కుని ఉంది.

నేను చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశాను. యంత్రం పీఠం మీద సన్నటి నీలం టేపు ముక్క అతికించి ఉంది. అంచులు బ్లేడుతో కోసినంత నున్నగా ఉన్నాయి.

"ఇదేంటమ్మా?"

"నాన్న గుర్తు సార్. ఫోను కింది అంచు ఆ టేపుకి ఆనాలి. అలా పెడితే కడ్డీ కచ్చితంగా నడిమధ్య పడుతుంది. అరవై ఫోన్లూ అలాగే పెట్టాడు."

"ఇది ఆనలేదే."

ఫోను కింది అంచుకీ టేపుకీ మధ్య ఖాళీ ఉంది. నా రెండు వేళ్లు పక్కపక్కన పెడితే సరిగ్గా అంత.

"విరిగినప్పుడు జారి ఉంటుంది" అన్నాడు తోడల్లుడు.

"రెండు పక్కలా బరువు మోపి బిగించిన ఫోను రెండు వేళ్లు జారుతుందా తమ్ముడూ? పోనీ, జారితే గీత పడాలి. వీపు మీద కడ్డీ ముద్ర ఒక్కటే ఉంది, అదీ పక్క బటన్ల దగ్గర. పైగా పాలవాడి చీటీకి స్కేలు పెట్టే మనిషి టేపుకి రెండు వేళ్ల ఎడంగా పెట్టడు."

"ఏదో కంగారులో పెట్టాడు. పెద్దాయన, చుట్టూ అంతమంది."

"పొద్దున ఫొటోలు తీశారా?"

వాడి మొహం వెలిగింది. "తీయకపోవడమేంటి, నా ఫోన్లోనే ఉన్నాయి. చూడండి, యంత్రం పక్కన నేను." సంతోషంగా చూపించాడు. పదీ ఎనిమిదికి తీసిన ఫొటోలో ఫోను టేపుకి ఆని ఉంది, మాస్టారు పక్కన నిలబడి ఉన్నారు. పదీ పన్నెండుకి తీసిన ఫొటోలో ఫోను వీపు మీద కంపెనీ లోగో తళతళలాడుతోంది. దాని పక్కన తోడల్లుడు, వాడి చెయ్యి ఫోను మీద.

"మొదటి ఫొటోలో లోగో కనిపించడం లేదేం?"

"కడ్డీ కింద పడింది. లోగో నడిమధ్యన ఉంటుంది కదా. డీలర్లు ఫొటో తీసుకుంటుంటే కంపెనీ పేరే కనబడకపోతే ఏం బాగుంటుంది? అందుకని కాస్త..." అంటూ ఆగిపోయాడు.

"కాస్త జరిపావు."

వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఇంకో రోజయితే ఆ చెవుల్ని చూసి నేను నెల రోజులు పండగ చేసుకునేవాణ్ణి. ఆ రోజు ఎందుకో ముచ్చట వేయలేదు.

"జరిపితే ఏమైంది?" అన్నాడు గొంతు పెంచి. "ఎనభై కిలోలు మోసే ఫోను మధ్యలో నొక్కితే ఏంటి, పక్కన నొక్కితే ఏంటి? ఆయన సరిచేసిన ముక్క కాబట్టి విరిగింది. ఆయనే ఒప్పుకున్నాడు."

"బొటనవేళ్లతో సరిచేశారట. మాస్టారూ, ఏమీ అనుకోకండి. ఫ్లాస్కు మూత తిప్పలేని వేళ్లు ఈ లోహాన్ని వంచాయంటే నేను నమ్మను."

మాస్టారు రెండు చేతులూ వెనక్కి దాచుకున్నారు. కూతురు ఆయన వంక చూసింది. మూత మర్చిపోయిన సంగతి అప్పుడు గుర్తొచ్చినట్టుంది, పెదవి కొరుక్కుంది.

"ఇంకా అనుమానమా తమ్ముడూ? బీరువా తాళం నీ దగ్గరేగా. ముట్టుకోని ఫోన్లు రెండు తీయించు."

తాను వేసిన సీలు తానే తెంచుకోవడం వాడికి ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా తెంచాడు. విరిగిన ఫోను ఉన్న చోటు ముందు అన్ని వైపులా ఫొటోలు తీశాడు, తర్వాతే పక్కన పెట్టాడు. బీరువా తెరిచి కాగితం చింపని పెట్టెలు రెండు తెచ్చాడు. నేను మాస్టార్ని బతిమాలి యంత్రం దగ్గర నిలబెట్టాను.

మొదటిది టేపుకి ఆనించారు. కడ్డీ దిగింది. నలభై, అరవై, డెబ్బై అయిదు. ఎనభై దగ్గర నిమిషం ఆపి వదిలారు. మాస్టారు జేబులో స్కేలు తీసి ఫోను వీపు మీద నిలబెట్టి చూశారు. వెలుగు దూరే సందు లేదు.

"రెండోది రెండు వేళ్లు ఎడంగా పెట్టండి."

ఆయన కదల్లేదు. "వద్దు బాబూ" అన్నారు మెల్లగా.

అప్పుడు కూతురే ముందుకొచ్చి ఫోను పెట్టింది. కడ్డీ కిందకి దిగి, సరిగ్గా పక్క బటన్ల కోసం ఫ్రేముకి చేసిన రంధ్రాల మీదకి వచ్చింది. ఇరవై. ముప్పై. ముప్పై తొమ్మిదికి పుటుక్కుమంది.

ఆ అమ్మాయి వంగి విరిగిన చోటు వేలితో తడిమింది. "బటన్ల దగ్గర ఫ్రేము మరీ సన్నం చేశాను" అంది. "తప్పు నా గీతలో ఉంది. నాన్నా, నీకు పొద్దున్నే తెలిసిపోయింది కదూ?"

"విరిగిన చోటు చూడగానే తెలిసింది" అన్నారు మాస్టారు. "నీకిది మొదటి ఫోను తల్లీ. మొదటిదే తప్పయితే రెండోది నీ చేతికివ్వరు. నాదేముంది, ఇరవయ్యారేళ్లు చేశాను. అయినా తప్పులో నాకూ భాగముందమ్మా. రూలు పుస్తకంలో మధ్యలో నొక్కమని ఉందని అరవైసార్లూ మధ్యలోనే నొక్కాను. జేబులో ఫోను పెట్టుకుని కూర్చునేవాడు టేపు అతికించుకుని కూర్చుంటాడా? కచ్చితంగా చేస్తున్నానని మురిసిపోయాను గానీ, ఆ కచ్చితం వల్లే పక్కన ఏముందో ఒక్కసారీ చూడలేదు."

"నేను గీసిన గీత తప్పయితే మళ్లీ గీస్తాను. నువ్వు రాసిన అబద్ధాన్ని ఎలా దిద్దను నాన్నా? రేపట్నుంచి మా నాన్న మోసగాడని అందరూ అంటుంటే, ఆ ఫోను మీద నా పేరుండి నాకేం సుఖం?"

ఆ పిల్ల పక్క గదిలోకి వెళ్లి ఫ్లాస్కు తెచ్చింది. మూత తీసి, వదులుగా పెట్టి, ఆయన చేతిలో ఉంచింది. నాకు కళ్లు చెమర్చాయి. డిటెక్టివ్‌ని కాబట్టి కిటికీ వైపు తిరిగాను.

తిరిగి చూసేసరికి తోడల్లుడు జేబులోంచి ఒప్పుకోలు కాగితం తీసి నాలుగు ముక్కలు చేస్తున్నాడు. "నేను జరపకపోతే ఇది బయటపడేది కాదు, ఆ సంగతి కూడా రాసుకోండి అన్నయ్యగారూ" అన్నాడు బింకంగా. తర్వాత మాస్టారి దగ్గరికెళ్లి చాలా చిన్న గొంతుతో "క్షమించండి" అన్నాడు. మంచివాడే. పదకొండేళ్లలో అది రెండోసారి అనిపించింది.

అప్పటికి మూడూ ముప్పై ఐదు. ఆ అమ్మాయి గోదాముకి ఫోను చేసి లారీల తాళంచెవులు తెప్పించి తన బల్ల మీద పెట్టించింది. తప్పు తనదని అవతలివాళ్లకి గట్టిగా తన నోటితోనే చెప్పింది.

నేను రిజిస్టరు తిరగేశాను. పాత అలవాటు, లెక్క సరిపోనిదే కేసు మూయను. మొత్తం నమూనాలు అరవై నాలుగు. పరీక్షించినవి అరవై. పొద్దున ఒకటి, ఇప్పుడు రెండు.

"ఇంకొకటి ఏదీ?"

ఆఖరి వరసలో ఉంది, ఇరవై రోజుల కిందటి తేదీతో. పరిశీలన కోసం ఒకటి తీసుకున్నట్టు సంతకం. ఆ సంతకం నాకు బాగా తెలుసు. పెళ్లిళ్ల కానుకల కవర్ల మీద నాకన్నా పెద్దగా ఉంటుంది.

తోడల్లుడు నెత్తి గోక్కున్నాడు. "అనుమతి తీసుకునే..."

"సార్" అంది ఆ అమ్మాయి మధ్యలో. గొంతు మారింది. "ఆ ఫోను ఎవరి దగ్గరుంది? బటన్ల వెనకే బ్యాటరీ అంచు ఉంది. ఫ్రేము అక్కడ వంగితే బ్యాటరీ నలుగుతుంది. వంగిన ఫోనుకి గుర్తు తెలుసా, బల్ల మీద పెట్టి తాకితే ఊగుతుంది. బ్యాటరీ నలిగితే ముందు ఊరికే వెచ్చగా ఉంటుంది. అప్పుడే వాడటం ఆపాలి."

"ఆపకపోతే?"

"మంటలే సార్. నీళ్లు పోసినా తొందరగా ఆరవు."

ఊయలలా ఊగుతోంది. కాస్త వెచ్చగా కూడా ఉంటుంది. మోకాలి కింద పెట్టుకుంటే హాయిగా ఉంది.

నేను తోడల్లుడి వంక చూశాను, వాడు నా వంక చూశాడు. పదకొండేళ్లలో మా ఇద్దరికీ ఒకే ఆలోచన రావడం అదే మొదలు. మెట్లు ఎలా దిగామో గుర్తులేదు. వాడు కారు తీశాడు. మా ఆవిడ ఉద్యోగంలో ఉంటుంది, ఐదు దాటితే గానీ రాదు. ఇంట్లో అత్తగారు ఒక్కతే, కుర్చీలో కునుకు తీస్తూ, మోకాలి కింద నా తోడల్లుడి కానుక పెట్టుకుని.

ఆవిడకి ఉన్నది ఆ ఒక్క ఫోనే, దానికే చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాను. ఈసారి తీసింది.

"ఏం నాయనా, నాలుగు కాలేదుగా."

"అత్తయ్యా, నా మాట వినండి. చేతిలో ఫోను కింద పడేయండి. ముట్టుకోకండి. లేచి వీధిలోకి వచ్చేయండి."

"పడేస్తే చిన్నల్లుడు నొచ్చుకోడూ?"

"నొచ్చుకోను అత్తయ్యా, పడేయండి" అని వాడు స్టీరింగు మీంచే అరిచాడు.

అవతల అత్తగారి గొంతులో ఆశ్చర్యం, దాని వెనక సంతోషం.

"మీరిద్దరూ ఒకే కారులో ఉన్నారా? ఎన్నాళ్లకి నాయనా. ఉండండి, లేస్తున్నా. ఇవాళ ఇది మరీ వేడిగా ఉంది, చీర కూడా ఏదో కమురు వాస..."

మాట పూర్తి కాలేదు. లైను తెగిపోయింది.